క్రిస్మస్ తాత ఇచ్చిన అర్జీ

తిరువొత్తియూరులోని ఆ అట్టపెట్టెల కంపెనీలో ప్రతి డిసెంబరులోనూ ఒక మధ్యాహ్నం పార్టీ జరుగుతుంది. ఆ ఏడు క్రిస్మస్ తాత వేషం శేషాద్రికి పడింది. ఆయన డిస్పాచ్ సెక్షన్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా గుమాస్తా. ఆయన్ని ఎన్నుకోవడానికి కారణం ఆయన పొట్ట. హెచ్చార్ చూసే లక్ష్మీప్రియ ఆ మాట నేరుగా అనలేక, "మీ ముఖంలో ఒక కళ ఉండాది సార్" అంది.

"కళ ముఖంలో ఉంటే గడ్డం ఎందుకమ్మా అంటించేది? నేను వెయ్యను. వేరే ఎవురినన్నా చూసుకో" అన్నాడు శేషాద్రి.

లక్ష్మీప్రియ బలవంతం చేయలేదు. ఆమె చేతిలో హెడ్డాఫీసు పంపిన నాలుగు పేజీల సూచనలున్నాయి. హాజరు తప్పనిసరి. ప్రతి ఒక్కరూ ఒక్క ఆటలోనైనా పాల్గొనాలి. ముప్పై ఫోటోలకు తగ్గకూడదు, వాటిలో జనం నవ్వుతూ ఉండాలి. పార్టీ ముగిశాక అందరూ ఫోనులో ఫారం నింపి, తమ ఆనందానికి అయిదు నక్షత్రాలకు ఎన్ని వస్తాయో తెలపాలి. కిందటేడు అకౌంట్స్‌లో ఒకాయన మూడు పెట్టాడు. ఆయన ఎందుకు ఆనందంగా లేడో తెలుసుకోవడానికి రెండు మీటింగులు జరిగాయి. మూడో మీటింగుకు పిలుపు రాగానే ఆయన అయిదుకు మార్చుకున్నాడు.

ఈ ఏడు ఎవరికీ పార్టీ మీద మనసు లేదు. జనవరి రెండు నుంచి ఆఫీసూ గోడౌనూ ఒరగడం అనే చోటికి మారతాయని నోటీసు అంటించి నెల దాటింది. తిరువొత్తియూరు నగరానికి ఉత్తరపు కొస అయితే ఒరగడం నైరుతిలో నగరం దాటాక ఎక్కడో ఉంది. ఉద్యోగాలు ఎవరికీ పోవని నోటీసులో స్పష్టంగా రాశారు. అక్కడికి ఎలా చేరాలో మాత్రం రాయలేదు.

స్టోర్సు చూసే కన్నియప్పన్ ఒక అర్జీ రాయించాడు. పక్కనున్న తొండియార్‌పేట నుంచి ఒరగడం దాకా కంపెనీ ఒక బస్సు వేయాలని, అంతే. ఇరవై ముగ్గురు సంతకాలు చేశారు. మేనేజరు వెంకట్రావు దాన్ని తీసుకోలేదు. ఆయన ఏలూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. "నా చేతుల్లో లేదండీ. డైరెక్టరుగారే చెప్పాలి. ఆయనకి నేనిచ్చానంటే నా మీదికొస్తుంది" అన్నాడు.

డైరెక్టరు అనిరుధ్ ఏడాదికి ఒక్కసారే, పార్టీ రోజు గంటసేపు వస్తాడు. అప్పుడు కూడా వెంకట్రావు, మరో నలుగురు ఆయన చుట్టూ ఉంటారు. మామూలువాళ్ళు దగ్గరికి పోలేరు.

"క్రిస్మస్ తాత పోవచ్చు" అన్నాడు కన్నియప్పన్, శేషాద్రిని పక్కకి తీసుకుపోయి, అరవంలో. "ఆయన పక్కనే నిలబడి అందరికీ బహుమతులు ఇవ్వాలి కదా. నిన్నెవరు ఆపుతారు?"

శేషాద్రి ఆ సాయంత్రం ఇంట్లో భార్య తాయారుకు చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"వెయ్యండి. ఆ వేషంలో కాకపోతే ఎవురు వినేది మీ మాట?" అంది.

మర్నాడు లక్ష్మీప్రియ దగ్గరికి పోయి ఒప్పుకున్నాడు. ఆమె మొహంలో సంతోషానికి బదులు ఏదో ఇబ్బంది కనిపించింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

పార్టీ రోజు పన్నెండింటికి భోజనాల హాలులో బెలూన్లు కట్టారు. ఫ్యాన్లు తిరుగుతుంటే అవి ఒకటొకటిగా పగులుతున్నాయి. అద్దెకు తెచ్చిన ఎర్ర వేషం మందపాటి నైలాను. పది నిమిషాల్లో శేషాద్రి లోపలి బనియను తడిసి ముద్దయింది. గడ్డంలోని దూది నోట్లోకి పోతోంది. వేషానికి జేబుల్లేవు. అర్జీ ఉన్న కవరును బహుమతుల సంచిలో, కంపెనీ పేరు వేసిన నీళ్ళ సీసాల పైన పెట్టుకున్నాడు.

అనిరుధ్ ఒంటిగంటకు వచ్చాడు. ముప్పై దాటని మనిషి. అందరినీ పేరు పెట్టి పలకరించాలని ప్రయత్నించాడు గానీ కన్నియప్పన్‌ని మునిస్వామి అన్నాడు. కన్నియప్పన్ దిద్దలేదు. అనిరుధ్ మైకు పట్టుకుని, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. ఒరగడంలో గాలి చాలా బాగుంటుందని కూడా అన్నాడు.

తర్వాత బహుమతులు. శేషాద్రి సంచి పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. సీసా బదులు కవరు తీసి ఆయన చేతికిచ్చాడు.

"సార్, ఇది కొంచెం చూడాల. స్టాఫ్ అందరిదీ సార్."

"ఓ, క్రిస్మస్ తాతకి పిల్లలు ఉత్తరాలు రాస్తారు. ఇక్కడ తాతే నాకు రాశాడు" అన్నాడు అనిరుధ్ మైకులో. హాలంతా నవ్వింది. కవరు విప్పి చదివాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో నవ్వు ఆగింది. శేషాద్రి ఆ క్షణం చూశాడు. అనిరుధ్ తలెత్తి ఎదురుగా ఉన్న నలభైమందినీ ఒకసారి చూసి, మళ్ళీ మైకు ఎత్తాడు.

"తాతా, నీకు జింకల బండి ఉంది. నీకు బస్సెందుకు?"

ఈసారి నవ్వు మరింత గట్టిగా వచ్చింది. సంతకాలు పెట్టిన ఇరవై ముగ్గురూ నవ్వారు. కన్నియప్పన్ నవ్వాడు. గడ్డం కింద తన నోరు కూడా నవ్వుతోందని శేషాద్రికి తెలిసింది.

"సార్, తమాషాకి కాదు సార్. నిజంగానే" అంటూ గడ్డం తీయబోయాడు. దాని దారం కళ్ళద్దాలకు చుట్టుకుంది. లాగితే కళ్ళద్దాలు ఊడి సంచిలో పడ్డాయి. ఆయన వంగి సీసాల మధ్య వాటికోసం తడుముతుంటే జనం ఇదీ వేషంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు.

"శేషాద్రిగారూ, అదరగొట్టారండీ" అని వెంకట్రావు ఆయన భుజం పట్టుకుని మెల్లగా వెనక్కి తీసుకుపోయాడు. "ఇంక చాలు. దయచేసి ఇంక చాలండీ" అన్నాడు చెవిలో. అర్జీ అనిరుధ్ చేతిలోంచి లక్ష్మీప్రియ చేతిలోకి పోయింది. పాట పెట్టారు. కుర్చీల ఆట మొదలైంది.

శేషాద్రి గోడౌను మెట్ల మీద కూచుని, గడ్డం ఒళ్ళో పెట్టుకుని, చెమట తుడుచుకుంటున్నాడు. లక్ష్మీప్రియ రెండు ప్లేట్లలో బిర్యానీ తెచ్చి, ఒకటి ఆయనకిచ్చి కింది మెట్టు మీద కూచుంది.

"అర్జీ యాడ పెట్టినావమ్మా?"

"ఫైల్లోనే ఉండాది సార్. పారెయ్యలే."

"మళ్ళా ఒకసారి గుర్తు చెయ్యి ఆయనకి. బస్సు సంగతి వాళ్ళకి తోచి ఉండదు. కార్లలో తిరిగేవాళ్ళకి ఇవి తెలవవు."

ఆమె అన్నంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉంది.

"తోచక కాదు సార్. మొదట బస్సు ఉండె ప్లాన్‌లో. తీసేసినారు. బస్సు వేస్తే అందరూ వస్తారంట. అంతమంది ఆడ వద్దంట. మనమే ఉద్యోగాల్లోంచి తీస్తే పేరు చెడతాది, వాళ్ళే మానుకుంటే పేచీ లేదు అన్నారు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"దీపావళికి ముందే."

శేషాద్రి ఆమె వైపు చూశాడు. తన కూతురు కంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. మాధవరం నుంచి స్కూటీ మీద వస్తుంది. తండ్రికి ఒంట్లో బాగాలేదని ఒకసారి చెప్పింది. కోపం రావాలని ఎదురుచూశాడు. రాలేదు.

"తిను, చల్లారిపోతాది" అన్నాడు.

హాలులోకి పోగానే కన్నియప్పన్ ఎదురొచ్చాడు. కుర్చీల ఆటలో మూడో వాడుగా మిగిలి ఔటయ్యాడట, హుషారుగా ఉన్నాడు. "నేను నవ్వినందుకు ఏమనుకోకు. అందరూ నవ్వుతుంటే ఆగలేదు. ఇంతకీ ఏమంటున్నారు?"

శేషాద్రి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. వెనక ప్యాకింగు సెక్షను రంజని, ఆమె పక్కన ఇంకో నలుగురు ఆగి వింటున్నారు.

"చూస్తామన్నారు" అన్నాడు.

రంజని అయిదు నక్షత్రాలు నొక్కింది.

జనవరి రెండున ఇరవై ముగ్గురిలో పందొమ్మిది మంది ఒరగడం చేరారు. శేషాద్రి నాలుగింటికి లేచేవాడు. మొదటి మెట్రోలో తొండియార్‌పేట నుంచి ఎయిర్‌పోర్టు, అక్కడి నుంచి బస్సులో తాంబరం, ఇంకో బస్సులో ఒరగడం. ఎంత పరుగెత్తినా పదిహేను నిమిషాలు ఆలస్యమయ్యేది. మూడు ఆలస్యాలకు సగం రోజు సెలవు కోత. సాయంత్రం ఇల్లు చేరేసరికి తాయారు అన్నం పెట్టుకుని కూచునేది. తింటూనే ఆయన కళ్ళు మూతలు పడేవి. పొంగలు పండగ నాటికి పదకొండుమంది మిగిలారు. రంజని చంటిపిల్లను అత్త దగ్గర వదిలి పది రోజులు వచ్చి మానేసింది. మానేసిన ప్రతివాళ్ళకూ కంపెనీ తరఫున పూలగుత్తి బొమ్మతో సందేశం పోయింది.

ఫిబ్రవరిలో తాంబరం బస్టాండులో దిగుతూ శేషాద్రి జారాడు. మోకాలు వాచింది. వారం మంచంలో ఉన్నాడు. "ఇంక పోవద్దు" అంది తాయారు. ఆయన సరేనన్నాడు.

రాజీనామా ఇవ్వడానికి మాత్రం మళ్ళీ ఒరగడం పోవలసి వచ్చింది. లక్ష్మీప్రియ కొత్త ఆఫీసులో అద్దాల గదిలో ఉంది. కంప్యూటరులో ఫారం తెరిచింది. వెళ్ళిపోవడానికి కారణం అన్నచోట ఆరు కారణాలున్నాయి. పై చదువులు, పెళ్ళి, విదేశం, మెరుగైన ఉద్యోగం, ఆరోగ్యం, వ్యక్తిగతం.

"దూరం అని లేదా?" అన్నాడు శేషాద్రి.

"లేదు సార్."

"అయితే నువ్వే ఏదో ఒకటి పెట్టు."

ఆమె వ్యక్తిగతం నొక్కింది. తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ ఆయన్ని అడగకుండానే నింపింది. చివర సంతకం చేయించుకుని లేచి నిలబడింది. గేటు దాకా వస్తానంది. ఫోను మోగడంతో ఆగిపోయింది.

బయట ఎండ. బస్టాపుకు నీడ లేదు. కంటెయినరు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. తాంబరం బస్సు ఎప్పుడని శేషాద్రి గేటు దగ్గరి వాచ్‌మన్‌ని అడిగాడు.

"పగలు చెప్పలేం సార్. షిఫ్టు టైముకయితే వస్తాయి" అన్నాడు వాచ్‌మన్, తన కుర్చీ ముందుకు జరిపి.

శేషాద్రి మోకాలు పట్టుకుని అందులో కూచున్నాడు.