స్క్రూ మీద ఎర్ర చుక్క

ఆ మేస్త్రీని అందరూ చెవి మేస్త్రీ అంటారు. చెట్లు కోసే మోటారు రంపాలు, అందులోనూ పాతకాలం గొలుసు రంపాలు బాగుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. రంపానికి పెట్రోలు ఎంత పోవాలి, గాలి ఎంత పోవాలి అన్నది కార్బొరేటర్ మీదుండే చిన్న స్క్రూ తేలుస్తుంది. మిగతావాళ్ళు దానికి మీటర్లు పెట్టి చూసుకుంటారు. మన మేస్త్రీ మాత్రం రంపం స్టార్ట్ చేసి, తల కాస్త పక్కకి వంచి, కళ్ళు మూసుకుని స్క్రూడ్రైవర్‌ని వెంట్రుకవాసి తిప్పేవాడు. "మీటరుకి అంకెలే తెలుసు. దగ్గుకీ తుమ్ముకీ తేడా తెలుసా దానికి?" అనేవాడు.

పని అయ్యాక భార్య గోళ్ళరంగు సీసా తీసి స్క్రూ తల మీద ఎర్ర చుక్క పెట్టేవాడు. చుక్క చెదరనంతవరకు ఆ రంపానికి పూచీ ఆయనది. చెదిరిందంటే ఎవడో వేలు పెట్టాడన్నమాట, ఇక ఆయనకి సంబంధం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ రంగు తన గోళ్ళకి ఒక్కసారైనా అంటిందేమో చూడమని ఆయన భార్య షాపుకొచ్చిన వాళ్ళందరికీ చేతులు చాపి చూపించేది.

ఒక పొద్దున పెద్దోడు తన రంపాన్ని తెచ్చి ఆ షాపు బల్ల మీద దించాడు. దించాడనడం మర్యాదకి, విసిరినంత పని చేశాడు. పేరుకి పెద్దోడే కాదు, వయసుకీ పెద్దోడే, యాభై నాలుగు నిండాయి. వాడి తండ్రీ, మేస్త్రీ స్నేహితులు. రంపం ఆ తండ్రిది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి పాతికేళ్ళు దాటింది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ దాన్నే నమ్ముకుని బతుకుతున్నారు. అన్న నడుముకి తాడు కట్టుకుని చెట్టెక్కి చేతిరంపంతో కొమ్మలు కోస్తాడు. తమ్ముడు కింద నిలబడి ఆ తాడు పట్టుకుంటాడు. కొమ్మలన్నీ దిగాక ఇద్దరూ కలిసి ఈ రంపంతో మాను పడగొడతారు. ఇరవై రెండేళ్ళుగా అన్న ప్రాణం తమ్ముడి పిడికిట్లోనే ఉంది.

"పట్టేసింది బాబాయ్. లాగితే కదలటం లేదు," అన్నాడు పెద్దోడు. వాడి గొంతు పెద్దది కాబట్టి మేస్త్రీకి వినపడింది.

"ఏమైంది?"

"ఏమవుతుంది? చిన్నోడు పెట్రోల్లో ఆయిల్ కలపకుండా పోశాడు. నాన్న వస్తువు. నిలువునా చంపేశాడు."

"వాడేమంటున్నాడు?"

"కలిపాను అంటాడు. కలిపితే ఎందుకు పట్టేస్తుంది? నీ చేతి కింద నుంచి వెళ్ళి ఇరవై రోజులు కాలేదు. నీ పనిలో తప్పుండదు. ఇక మిగిలింది ఎవరు?" పెద్దోడు కుర్చీ లాక్కుని కూడా కూర్చోలేదు. "మూతెడు ఆయిల్ గుర్తుపెట్టుకోలేనివాడు నా తాడేం గుర్తుపెట్టుకుంటాడు? పనికి రావద్దని చెప్పేశాను. కొత్తవాణ్ణి పెట్టుకున్నాను."

వాడు వెళ్ళాక మేస్త్రీ రంపాన్ని విప్పాడు. సైలెన్సర్ తీసి టార్చి వేసి చూడగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. పిస్టన్ ఒక్క పక్కే కాలింది, పొగ బయటికి పోయే వైపు. ఆ పక్కంతా గోళ్ళతో రక్కినట్టు నిలువు గీతలు. రెండో పక్క నున్నగా మెరుస్తోంది. ఆయిల్ లేక పట్టేసిన పిస్టన్లు ఆయన బోలెడు చూశాడు. వాటికి చుట్టూ ఒకేలా గీతలు పడతాయి, లోపలంతా పొడిబారిపోతుంది. ఇక్కడ సిలిండర్ ఊడదీసి అడుగున వేలు పెడితే వేలికి ఆయిల్ తడి అంటుకుంది. చిన్నోడు ఆయిల్ కలిపాడు, అందులో సందేహం లేదు. పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కి పట్టేసింది.

పెట్రోలు చాలకపోవడానికి స్క్రూ ఒక్కటే కారణం కానక్కర్లేదు, ఇంకో దారి ఉంది. ఎక్కడైనా అతుకుల మధ్య వేసే గాస్కెట్ చిరిగి దొంగగాలి దూరి ఉండాలి. అదే అయ్యుంటుందని మేస్త్రీ గట్టిగా అనుకున్నాడు. అన్నీ మళ్ళీ బిగించి, రంధ్రాలు మూసి, పంపుతో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. ఇంకోసారి ముంచాడు. అప్పుడూ రాలేదు.

చివరికి కార్బొరేటర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ రంపానికి స్క్రూ గాడి ఎప్పుడూ నిలువుగా నిలుస్తుంది, ఆయనకి కంఠతా వచ్చు. ఇప్పుడది అడ్డంగా ఉంది. పావు మలుపు ఎక్కువ బిగించేశారు. దాని మీద ఎర్ర చుక్క ఎక్కడా చిట్లకుండా, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. స్క్రూ తిప్పిన ఆ రోజు రంపం గొంతు మందంగా వినపడింది. పెట్రోలు ఎక్కువై ముక్కుతోందనుకుని ఇంకాస్త బిగించాడు. అయినా మందంగానే ఉంటే మరికాస్త బిగించాడు. పాపం, రంపం సరిగ్గానే పాడింది, మందగించింది ఈయన చెవులు. పక్షుల కూతలు వినపడటం మానేసి రెండేళ్ళయింది. ఫోను మోగితే భార్యే ఎత్తాలి. వచ్చినవాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటున్నాడు. చెవి మేస్త్రీకి చెవులు పోయాయని తెలిస్తే షాపుకి తాళం వేసుకోవడమే. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

బల్ల మీద స్క్రూడ్రైవర్ ఉంది. మొనతో ఒక్కసారి గీకితే చుక్క రాలిపోతుంది. ఎవరో వేలు పెట్టారు, నాకేం తెలుసు అనొచ్చు. ఆ ఎవరో మళ్ళీ చిన్నోడే అవుతాడు. మేస్త్రీ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు, మొన చుక్క దాకా తెచ్చాడు. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళలో అంత సిగ్గుపడిన క్షణం లేదు. స్క్రూడ్రైవర్ని సొరుగులో పడేసి, సొరుగు మూసేశాడు.

అలాగని నిజమూ చెప్పలేదు. ముందు పిస్టన్ వెతుకుదాం, రంపం పలికితే పెద్దోడి కోపం దానంతటదే చల్లారుతుంది, వాళ్ళూ వాళ్ళూ ఒకటవుతారు, నేనెందుకు నోరు విప్పడం అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మనిషికి తప్పించుకోవాలని ఉండాలే గానీ దారులకేం కొదవ.

పిస్టన్ దొరకడం మాటలు కాదు. తెలిసిన షాపులన్నిటికీ భార్య చేత ఫోన్లు చేయించాడు. ఆవిడ ఓపిగ్గా అడిగింది, లేదని చెప్పించుకుంది, ఫోను పెట్టేసింది. ఎనిమిదో రోజు ఎదురుగా వచ్చి నిలబడి, నెమ్మదిగా, పెదాలు కదలడం కనపడేలా అంది.

"ఏమండీ, దీని మీద ఇంత తాపత్రయం ఎందుకు? తప్పు ఎవరిది?"

మేస్త్రీ చేతిలో ఉన్న రెంచిని గుడ్డతో తుడవసాగాడు.

"రెండేళ్ళుగా తలుపు దగ్గర నుంచి పిలిస్తే పలకరు, ఎదురుగా వస్తే పలుకుతారు. నాకు తెలీదనుకున్నారా? మీరే చెబుతారని ఊరుకున్నాను. కార్బొరేటర్ చూశాను. చుక్క చెదరలేదు, అది మీరు పెట్టిందే."

ఆయన తల ఎత్తలేదు. "పిస్టన్ దొరకనీ, చెబుతాను," అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

తొమ్మిదో రోజు పాత పిస్టన్ని గుడ్డలో చుట్టుకుని, బస్సెక్కి సగం రోజు ప్రయాణం చేసి, పాతసామాన్ల ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. రేకుల షెడ్డు నిండా చచ్చిపోయిన యంత్రాలు కొక్కేలకి వేలాడుతున్నాయి. ఆ ముసలాయనకి ఏ కొక్కేనికి ఏముందో కళ్ళకి గంతలు కట్టినా తెలుసు. పిస్టన్ కొలిచి, గడ్డం గోక్కుని, మూలకి వెళ్ళి రోడ్డు కోసే యంత్రం ఒకటి ఈడ్చుకొచ్చాడు. ఆ కంపెనీవాళ్ళు రంపానికి పెట్టిన ఇంజనే దీనికీ పెట్టారట. రాతిదుమ్ము కింద పిస్టన్ పిన్నుతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

ముసలాయన పాత పిస్టన్ని మరోసారి వెలుతురులో తిప్పి చూసి పకపకా నవ్వాడు. మేస్త్రీ ఆయన పెదాల మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఆయిల్ లేక కాదిది. ఎవడో చెవిటోడు ట్యూన్ చేసినట్టున్నాడే!"

మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు.

పదో రోజు సిలిండర్‌కి అంటుకున్న అల్యూమినియాన్ని యాసిడ్ పట్టించి కరిగించాడు, కడిగాడు, కొత్త పిస్టన్ ఎక్కించాడు. కార్బొరేటర్ని మాత్రం దాని స్క్రూ, చుక్క ముట్టుకోకుండా అలాగే బిగించాడు. సాయంత్రం పెద్దోడు వచ్చాడు. రెండు అరిచేతులకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి, ఒక భుజం కిందికి వాలి ఉంది.

"ఏంట్రా ఇది?"

"ఏం లేదు బాబాయ్. నిన్న కొత్తవాడు తాడు వదిలేశాడు. ఫోను మోగిందట. రెండు నిలువుల లోతు జారి కొమ్మ పట్టుకున్నాను." ఏదో మామూలు సంగతి చెప్పినట్టే చెప్పాడు. "రంపం ఎప్పటికవుతుంది?"

ఆ రెండు నిలువుల కింద ఇంకెన్ని నిలువుల లోతు ఉందో మేస్త్రీ అడగలేదు.

"రేపు పొద్దున రా. తమ్ముడు కూడా ఉండాలి," అన్నాడు.

"వాడెందుకు?"

"వాడు లేకపోతే ఇది పలకదు."

చిన్నోణ్ణి పిలుచుకురావడానికి మేస్త్రీ భార్యే వెళ్ళింది. రానంటే చెవి మెలిపెట్టి తీసుకొస్తానని చెప్పి వెళ్ళింది, అంత పనీ చేసినట్టే ఉంది. నలభై ఏడేళ్ళవాడు, తల వంచుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. అన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రీ పాత పిస్టన్ని బల్ల మధ్యలో పెట్టాడు.

"పెద్దోడా, ఇటు చూడు. ఆయిల్ లేక పట్టేస్తే చుట్టూ గీసుకుపోతుంది. ఇది ఒక్క పక్కే కాలింది. లోపల ఆయిల్ తడి నా వేలికి అంటింది. వాడు కలిపాడు రా. పెట్రోలు చాలక పట్టేసింది. పెట్రోలు తగ్గించింది ఈ స్క్రూ. దాని మీద చుక్క చూడు, చెదిరిందా?"

పెద్దోడు వంగి చూశాడు. "లేదు."

"అంటే అది తిప్పిన చెయ్యి నాదే. నాకు చెవులు వినపడవు. రెండేళ్ళయింది. దాచాను."

ఎవరేమంటారోనని మేస్త్రీ అందరి పెదాలూ చూశాడు. చివరికి చిన్నోడి పెదాలు కదిలాయి.

"నేను ఒప్పేసుకున్నాను కదా బాబాయ్. మొన్న ఆదివారం అన్న ఇంటికి వెళ్ళి, ఆయిల్ మర్చిపోయానని చెప్పేశాను."

"చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నావురా?"

"అన్న అంత గట్టిగా అంటుంటే నాకే అనుమానం వచ్చింది. కలిపినట్టు గుర్తుంది. కానీ నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది." వాడు మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు తప్పు చెయ్యవు కదా బాబాయ్."

మేస్త్రీ ఏడ్చాడు. అరవయ్యారేళ్ళ మనిషి, ముగ్గురి ఎదుట, గ్రీజు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

పెద్దోడు ఆయన చెయ్యి పట్టి కిందికి లాగాడు. ఓదార్చడానికి కాదు, తన పెదాలు కనపడాలని. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"విప్పిన రోజే."

"పదకొండు రోజులు. పదకొండు రోజులు నేను వేరేవాడి తాడు మీద వేలాడాను బాబాయ్."

పెద్దోడు జవాబు కోసం ఆగలేదు. మూలనున్న పెట్రోలు డబ్బా, ఆయిల్ సీసా తెచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. "కలుపు," అన్నాడు. అని, తల కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. చిన్నోడు ఆయిల్ కొలిచి పోసి, మూత బిగించి, డబ్బా ఊపి, టాంకు నింపేదాకా అన్న ఇటు చూడనేలేదు.

రంపం మూడో లాగుడుకి అందుకుంది. మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొన గాడిలో పెట్టగానే ఎర్ర పొర పుటుక్కున విరిగి బల్ల మీద రాలింది. ఆయనకి అరిచేతిలో అదురు తప్ప ఏమీ తెలియటం లేదు. చిన్నోడి ముఖం చూస్తూ, కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాడు. వాడు తల పక్కకి వంచి కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ గొంతు పక్కనే బతికినవాడు. గాడి నిలువుకి వచ్చేసరికి వాడి చెయ్యి పైకి లేచింది. మేస్త్రీ ఆపేశాడు. పెద్దోడు వాకిట్లో దుంగ మీద పెట్టి కోసి చూసి, సరే అన్నట్టు తల ఊపాడు.

మేస్త్రీ గోళ్ళరంగు సీసా మూత తీసి, కుంచె చిన్నోడికి ఇచ్చాడు. వాడు అన్న వైపు చూశాడు. చుక్క పెట్టాడు, కాస్త వంకరగా.

వెళ్ళేటప్పుడు రంపం అన్న మోశాడు, పెట్రోలు డబ్బా తమ్ముడు పట్టుకున్నాడు. ఎప్పటిలా కాళ్ళకి దణ్ణం పెట్టలేదు, వస్తాం బాబాయ్ అనలేదు. గుమ్మం దాటాక పెద్దోడు వెనక్కి తిరక్కుండానే ఏదో అన్నాడు.

"ఏమన్నాడే?" అని అడిగాడు మేస్త్రీ.

భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ చుక్క ఇంకా ఎవరెవరి రంపాల మీద ఉందో బాబాయిని ఆలోచించుకోమను పిన్నీ, అన్నాడు."

మేస్త్రీ లేచి అలమారలోంచి షాపు పుస్తకం తీశాడు. రెండేళ్ళ పేజీలు తిప్పితే నూట పధ్నాలుగు పేర్లు తేలాయి. పుస్తకం ఆవిడ ముందు పెట్టి, ఫోను జరిపి, ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆవిడ మొదటి నంబరు నొక్కింది. అవతల ఎత్తేదాకా ఆయన కళ్ళలోకే చూస్తూ ఉంది. ఎత్తారు. ఆయన ఆవిడ పెదాలు చూశాడు.

"చెవి మేస్త్రీ షాపు నుంచి అండీ. మా ఆయనకి చెవులు వినపడవు. మీ రంపం స్టార్ట్ చెయ్యకండి, ఒకసారి వెనక్కి పట్టుకురండి."

పెట్టేసి, ఆ పేరు మీద టిక్కు కొట్టి, రెండో నంబరు నొక్కింది.