ఆరు రేకుల పాఠం

సుద్దముక్క కొనను నేలకి రాసి సన్నబరిచి, కంపాసు కాలికి బిగించి, ఊపి చూశాడు సుందరరాజు. ఊడలేదు. రోజూ ఇంతే. మేడమెట్లెక్కి, గుమ్మం పక్కన చెప్పులు జతగా విడిచి, చొక్కా కుడిచేయి మోచేతి దాకా మడిచి, అప్పుడు మేకు మీంచి కంపాసు దించుతాడు. మచిలీపట్నం కోనేరు సెంటరు దగ్గరున్న ఆ కోచింగ్ సెంటర్లో అన్ని గదుల్లోనూ డిజిటల్ తెరలు వచ్చేశాయి. ఈ ఒక్క గదిలోనే నల్లబల్ల మిగిలింది. తన మీద గౌరవంతోనే దాన్ని ఉంచారని ఆయన నమ్మకం. గోడకి సిమెంటుతో అతికి ఉండటం వల్ల ఉంచారని మిగతా మాస్టార్ల నమ్మకం.

మనిషి సన్నం. బల్ల మీద పైదాకా చేయి చాపీ చాపీ కుడిభుజం కాస్త పైకి లేచి ఉంటుంది. కనుబొమల్లో ఎప్పుడూ సుద్దపొడి. ఒకప్పుడు బ్యాంకు పరీక్షలకి లెక్కలన్నీ ఆయనే చెప్పేవాడు. ఒక్కొక్క పాఠమే చేయిజారి, చివరికి జామెట్రీ మిగిలింది. పోనీలే, తనకి ప్రాణమైనదే మిగిలిందని సంతోషించాడు.

కంపాసు ఆయన తండ్రి చిన్నారావు చేసిచ్చింది. పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కేవాడాయన. కొడుక్కి పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందని తెలిసి, అచ్చులకి కోయగా మిగిలిన టేకుతో మూరెడు పొడుగున దీన్ని తయారుచేశాడు. చిన్నప్పుడు సుందరరాజు తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. తండ్రి తన కంపాసుతో చెక్క మీద సున్నా చుట్టి, కొలత మార్చకుండా అంచు వెంట గుర్తులు పెట్టుకుంటూ పోతే, ఆరు అంగల్లో మళ్లీ మొదటి గుర్తు దగ్గరికే వచ్చేది.

“ఎందుకలా వస్తుంది నాన్నా?”

“ఏమోరా. మా నాన్నకీ అలాగే వచ్చేది. నువ్వు చదువుకుని చెప్పు.”

కొన్నేళ్లకి బళ్లో ఆ సంగతి తెలిసిన రోజున సుందరరాజు ఇంటిదాకా పరిగెత్తుకొచ్చి చెప్పాడు. చిన్నారావు ఉలి ఆపకుండా విని, “అయితే సరే,” అన్నాడు. అంత మెప్పు సుందరరాజుకి తర్వాత ఎక్కడా దొరకలేదు.

రాజకుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. సెంటరు అతనిదే. అతనూ ఒకప్పుడు ఈ బల్ల ముందు కూర్చున్నవాడే.

“మాస్టారూ, బ్లెస్సీ సంగతి ఇవాళ తేల్చేయాలండి. జీఆర్ఈయా, జీమ్యాటా? మీరేది చెబితే అదేనంటోంది. జీఆర్ఈ అయితే జామెట్రీ ఉంది కాబట్టి దసరా దాకా మీ క్లాసు నడుస్తుంది. జీమ్యాట్ అయితే...”

“తెలుసులేవోయ్,” అన్నాడు సుందరరాజు. జీమ్యాట్ అయితే ఈ గదిలోకీ తెర వస్తుంది. జామెట్రీకి ఈ ఏడు మిగిలింది బ్లెస్సీ ఒక్కతే.

చిలకలపూడి పిల్ల. బీకాం అయ్యాక గిల్టు నగల దుకాణంలో లెక్కలు రాస్తోంది. విదేశం వెళ్లి ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేయాలని పట్టుదల. ఆమె దరఖాస్తు పెట్టబోయే యూనివర్సిటీలన్నీ రెండు పరీక్షల్లో ఏదైనా ఒప్పుకుంటాయి. కానీ గడువులోపు ఒక్కదానికే తయారవగలదు.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండానే ఆమె రాసిన రెండు నమూనా పరీక్షలూ ముందేసుకున్నాడు. జీఆర్ఈలో కష్టమైన ఇంగ్లీషు మాటలు రాగానే సంతలో తప్పిపోయినట్టు తిరిగింది. జీమ్యాట్‌లో పట్టికలూ గ్రాఫులూ రాగానే సొంత దుకాణంలో కూర్చున్నట్టు చకచకా చేసేసింది. చూడాల్సిందేమీ మిగల్లేదు. అయినా మళ్లీ చూశాడు. జీఆర్ఈ అంటే ఎవరూ తప్పుపట్టరు. జామెట్రీ బాగా చేస్తుంది కదా అనవచ్చు, అది నిజమే. దసరా దాకా ఈ మెట్లెక్కాలని ఆయనకి చెప్పలేనంత ఆశగా ఉంది. అన్నం సగం తిని మూత పెట్టేశాడు.

సాయంత్రం బ్లెస్సీ వస్తూనే తేల్చేసింది. “జీఆర్ఈ రాస్తాను సార్. మీరు చెబుతారుగా.”

“వద్దమ్మా. ఆ మాటలన్నీ బట్టీపట్టేసరికి నీకు విసుగొచ్చేస్తుంది. పట్టిక చూడగానే తేడా ఎక్కడుందో పట్టేస్తావు. జీమ్యాట్ రాయి.”

“అందులో జామెట్రీ లేదు కదా సార్?”

“లేదు.”

“మరి మీరు?”

“నాకు పరీక్ష లేదుగా,” అని నవ్వాడు. నవ్వు సరిగా రాలేదు.

ఆ పిల్ల కాసేపు బల్లకేసి చూసింది. “అయితే సార్, ఇవాళ పరీక్షలో రానిది ఒకటి చెప్పండి.”

సుందరరాజు సున్నా చుట్టాడు. కొలత మార్చకుండా అంచు మీద ఆరు గుర్తులు పెట్టించాడు. ఒక్కో గుర్తు మీద కంపాసు కాలు ఆనించి, సున్నా మధ్యలోంచి పోయేలా వంపు గీయమన్నాడు. బ్లెస్సీ గీస్తుంటే ఒక్కో రేకూ విచ్చుకుంది. తండ్రి అచ్చుల మీది పువ్వే అది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. సుద్దపొడి అని తుడుచుకున్నాడు.

ఇంకొక్క వంపు మిగిలి ఉండగా రాజకుమార్ మెట్ల దగ్గర్నుంచి కేకేశాడు. “మాస్టారూ, గుడివాడ పాసింజరుకి టైమైపోయిందండి!”

“రేపొచ్చి పూర్తి చేస్తాను సార్,” అంటూ బ్లెస్సీ కంపాసు ముడవబోయింది.

“ఆగమ్మా. పని అయ్యేదాకా ముడవకూడదు. మా నాన్న పోయిన రోజున ఆయన కంపాసు సగం చెక్కిన అచ్చు మీద తెరిచే ఉంది. మా అమ్మ ఏడాది పాటు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.” కంపాసు అందుకుని, అలాగే మేకుకి తగిలించాడు. “ఆ వంపు గీశాక నువ్వే ముడువు.”

“రేపు మీరు రారా సార్?”

“ఎందుకమ్మా? నీకు వచ్చేసిందిగా.”

చొక్కా చేయి దించి గుండీ పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని, వెనక్కి తిరిగి చూస్తే దిగలేనేమోనని, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. పెడన వచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంత తుడిచినా వేళ్ల సందుల్లో తెలుపు పోలేదు.

మేడ మీద గదిలో, ఒక్క వంపు తక్కువైన పువ్వు పక్కన, సుద్దముక్క బిగించిన టేకు కంపాసు అదే కొలతకి కాళ్లు తెరుచుకుని మేకుకి వేలాడుతోంది.