డైవర్షన్ అంటే

మా ఆయన హనుమంతుకి ఇంగ్లీషు మాటలు నేర్పింది నేనే. ఆరో తరగతి దాకా చదివాను మరి, మా ఇంట్లో పెద్ద చదువు నాదే. గోడ మీద బొగ్గుతో పైనుంచి కిందకి రాసి, బళ్ళో మా పంతులు నేర్పినట్టే వరసగా చెప్పించాను. స్టాప్ అంటే ఆగు, స్లో అంటే మెల్లగా, డేంజర్ అంటే అపాయం, నారో అంటే ఇరుకు, డైవర్షన్ అంటే దారి మళ్ళింపు. అన్నం తింటూ కూడా గడగడా అప్పజెప్పేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

ఇంత తంటా ఎందుకంటే, ఎనభై ఆరు వేసవిలో మాచర్ల జిలానీ సాయిబు నాపరాళ్ళు బొంబాయికి తోలడానికి కొత్త లారీ కొన్నాడు. అంతకు ముందు ఆయన తమ్ముణ్ణి, రోడ్డు బోర్డు చదవలేని డ్రైవరొకడు లారీతో సహా లోయలో పడేసి చంపాడు. అందుకే బోర్డుల మీది ఇంగ్లీషు మాటలు వచ్చినవాడికే తాళాలిస్తానన్నాడు. మా ఆయనేమో క్వారీలో లారీ తోలి తోలి దుమ్ము మింగి నెత్తురు దగ్గుతున్నాడు. దుమ్ము మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. మాకున్న దారి ఆ లారీ ఒక్కటే.

ఆదివారం పొద్దున సాయిబు గారి షెడ్డుకి పోయాం. అదే ఉద్యోగానికి వచ్చిన బాబూరావు అప్పటికే తన వంతు గట్టెక్కి బీడీ కాలుస్తున్నాడు. సాయిబు లారీ తలుపు మీద సుద్దతో మాటలు రాశాడు, తన ఇష్టం వచ్చిన వరసలో. ఒకదాని మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నాడు.

"స్టాప్ అంటే ఆగు, స్లో అంటే మెల్లగా..." అని మొదలెట్టాడు మా ఆయన.

"అరే, నేనడిగింది చెప్పవయ్యా!"

మళ్ళీ స్టాప్ నుంచే ఎత్తుకున్నాడు. బాబూరావు పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది సాయిబూ, డ్రైవర్ని కింద నిలబెట్టి బళ్ళో పిలకాయల్ని అడిగినట్టు అడుగుతారు? స్టీరింగ్ పట్టుకుంటే ఆయనకి అన్నీ గుర్తొస్తయ్. బండెక్కించి బోర్డు సూపించండి!"

సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు. సరేనని ఒక పలక మీద 'డైవర్షన్' అని రాసి గుమస్తాకిచ్చాడు. ఇది చూస్తే బండి పక్కకి మళ్ళించాలి. మా ఆయన లారీని షెడ్డు చివరికి తీసుకుపోయి వెనక్కి తిప్పాడు. గుమస్తా ఎక్కడో గోడ వారగా నిలబడ్డాడు. అంత దూరంలో ఉంటే మా ఆయనకేం కనపడుతుంది? పలక లాక్కుని పోయి దారి మధ్యన నిలబడ్డాను.

"ఏమ్మా, పిచ్చా! పక్కకి రా!" అని సాయిబు అరుస్తున్నాడు. నేను కదల్లేదు.

లారీ మీదికొస్తోంది. అద్దంలోంచి మా ఆయన పెదాలు కదలటం కనిపిస్తోంది. అయ్యో, మళ్ళీ స్టాప్ నుంచే! చదవవయ్యా, పక్కకి తిప్పవయ్యా అని లోలోపలే మొత్తుకున్నాను. ఇంజను వేడి మొహానికి కొట్టింది. కీచుమని బ్రేకు పడింది. బంపరు నా పలకని తాకి ఆగింది.

మా ఆయన దూకి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు.

సాయిబు పరుగున వచ్చాడు. "పలక మీద ఏం రాసుందయ్యా?"

అబద్ధమాడటం మా ఆయనకి చేతకాదు.

"సూళ్ళేదు సాయిబూ. నా పెళ్ళాన్నే సూశా."

"బొంబాయి రోడ్డు మీద నీ పెళ్ళాం నిలబడదు హనుమంతూ," అన్నాడు సాయిబు. జేబులోంచి తాళాలు తీసి బాబూరావు చేతిలో పెట్టాడు. బాబూరావు ఈసారి నవ్వలేదు.

మొగుణ్ణి దులిపేద్దామని నోరు తెరిచాను. కానీ అంతమంది ముందు ఆయన చొక్కా పట్టుకుని బోరుమన్నాను.

"ఊరుకోయే నాంచారమ్మా," అన్నాడు, నా తల మీద చెయ్యేసి. "ఇప్పుడేమైందని? రేపు పొద్దున్నే లేపు. క్వారీకి పోవాల."