నారే కూర్చున్న చోటు

కొరియాలోని తెబెక్ కొండల్లో చలికాలపు సాయంత్రాలన్నీ ఒక్కలాగే గడుస్తాయి. కొండ వెనక పొద్దు వాలగానే అత్తగారు, ఉడికించి దంచిన సోయాగింజల దిమ్మల్ని గడ్డితాళ్ళతో కట్టి వంటింట్లో నేలమీద వరసగా పేరుస్తుంది. అవి పులియాలంటే వెచ్చన కావాలి. ఆ ఇంట్లో నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు పారే ఏర్పాటు ఉంది. కానీ బాయిలర్ మీట తిప్పాలంటే ఆవిడకి ప్రాణం ఒప్పదు. అందుకని చిన్నకోడలు నారేని పిలిచి దిమ్మల మధ్య కూర్చోబెట్టి, పెద్దకోడలి కబుర్లు ఎత్తుకుంటుంది.

"మొన్న ఫోన్లో చూపించిందమ్మా సొంజు, తను పెట్టిన ముల్లంగి కిమ్చి పచ్చడి. ఎర్రగా నిగనిగలాడుతోంది. ఆ చేతిలో ఏముందో గానీ!"

నారే మూతి బిగించుకుని వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. కాసేపటికి ఆమె కూర్చున్న చోట నేల వెచ్చబడుతుంది. తడిగుడ్డ మీద సిరాచుక్క పాకినట్టు ఆ వెచ్చదనం మెల్లగా చుట్టూ పాకుతుంది.

"పిల్లల్ని కూడా ఎంత బుద్ధిగా పెంచిందో," అంటూ అత్తగారు ఇంకో దిమ్మని దగ్గరికి జరుపుతుంది.

నారే పుట్టింటి వైపు ఆడవాళ్ళకి ఇది ఎప్పటినుంచో ఉన్నదే. అసూయ పుడితే వాళ్ళు కూర్చున్న చోటు కాగుతుంది. వాళ్ళ తాతగారు పక్కూరి పాటగత్తె గొంతు మెచ్చుకున్న ఏడాది, అమ్మమ్మ ఒక్కతే చలికాలమంతా పట్టుపురుగుల గదిని కాచిందట. పెళ్ళిమాటల్లో ఈ సంగతి చెబితే అత్తగారు, "మంచిదే, గ్యాసు కలిసొస్తుంది," అంది. పక్కింటి పిన్నిగారైతే తడి మేజోళ్ళు పట్టుకొచ్చి, "ఈ పూట వేడి తగ్గిందేంటి వదినా, కోడల్ని సరిగ్గా ఉడికించలేదా?" అని అడిగి మరీ ఆరేసుకుపోతుంది.

అయితే సొంజు మీద పుట్టేది పైపై అసూయే. దానికి నేల గోరువెచ్చన అయ్యేది, అంతే. అసలైనది ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నారేకీ తెలీదు, తేసన్ కొండచిలువ పిల్లని తెచ్చేవరకూ.

తేసన్ నారే మొగుడు. కొండదారి మీద మంచు తోసే బండి నడుపుతాడు. పెళ్ళికి ముందు, నారే చేతులు మంచుముద్దల్లా ఉండే రోజుల్లో, వాటిని తన కోటు జేబులో పెట్టుకుని ఊరంతా నడిచేవాడు. ఒక చెయ్యి ఎడమ జేబులో, తర్వాత అటు తిరిగి రెండోది కుడి జేబులో. నారే ఆ జేబుల్ని చూసే అతన్ని చేసుకుంది. ఆ సాయంత్రం అతను అదే కోటుతో లోపలికొచ్చి, అదే ఎడమ జేబులోంచి ఒక గుడ్డసంచీ తీశాడు. సంచీలో మూరెడు పొడవున, బొటనవేలంత లావున పాముపిల్ల చుట్టుకుని ఉంది. ఒంటిమీద నలుపూ బంగారమూ కలిసిన మచ్చలు.

"ఎంత అందంగా ఉందో చూడు నారే. గిన్నె అడుగున ఎర్రగా వేగిన మాడులా లేదూ? దీని పేరు నూరుంజి." నూరుంజి అంటే మాడే.

"జేబులో ఎందుకు తెచ్చావు?"

"చలికి తట్టుకోలేదు కదా, పాపం."

ఇంటికి వచ్చిన పెద్దలకీ చుట్టాలకీ వెచ్చని చోటు ఇవ్వడం అక్కడి మర్యాద. తేసన్ అదే చేశాడు. గాజుపెట్టెని తెచ్చి తమ పడకగదిలో బాయిలర్ గోడ పక్కన, నేల అన్నిటికంటే కాగే చోట పెట్టి మీట పూర్తిగా తిప్పాడు. గ్యాసు అంటే గుండె బాదుకునే అత్తగారు కూడా, "చుట్టాన్ని చల్లని చోట కూర్చోబెడతామా," అని ఊరుకుంది. వాళ్ళిద్దరూ పామును చూడటమే మొదటిసారి, ఇక పెంచడం ఏం తెలుస్తుంది? నూరుంజి పొద్దస్తమానం నీళ్ళగిన్నెలోనే పడి ఉండేది. లేదంటే మూతకేసి ముక్కు రాసుకునేది. ముక్కు మీద చర్మం లేచిపోయింది.

తేసన్ కంగారుపడి, అమ్మిన అతనికి ఫోన్ చేశాడు.

"నేలమీద పెట్టావా?" అవతల గొంతు ఇల్లంతా వినిపించింది. "తమ్ముడూ, పామును పెంచుతున్నావా, చిలగడదుంప కాలుస్తున్నావా? వేడి ఒక పక్కే ఉండాలి. రెండో పక్క చల్లగా ఉండాలి. దాని ఒంట్లో పొయ్యి లేదు. చలేస్తే ఇటు పాకుతుంది, ఉక్కపోస్తే అటు పాకుతుంది. ఎటు పోవాలో దానికే వదిలెయ్యాలి. నువ్వేమో పోవడానికి చోటే లేకుండా చేశావు!"

మర్నాడు పెట్టె పొట్టికాళ్ళ భోజనాల బల్ల ఎక్కింది. పెట్టె అడుగున, బయటివైపు, ఒక్క కొసన మాత్రం పలచటి వేడిపట్టా అంటించాడు తేసన్. పట్టా మితిమీరి కాగకుండా ఆపే చిన్న యంత్రం ఒకటి తగిలించాడు. వెచ్చని కొసలో ముప్పై ఒకటో ముప్పై రెండో, చల్లని కొసలో ఇరవై ఆరు డిగ్రీలు ఉండేలా రెండువైపులా సూదిపెట్టిన కొలతబిళ్ళలు పెట్టాడు. దాక్కోవడానికి రెండు కొసల్లోనూ చెరో పూలకుండీ ముక్క బోర్లించాడు. నాలుగువైపులా ఒంటికి తగిలేంత ఇరుకుగా ఉంటేనే దానికి భయం పోతుందట. మూతకి కొక్కేలు బిగించాడు. మోకాళ్ళ మీద కూర్చుని గాజుకి బుగ్గ ఆనించి, "బాగుందా తల్లీ? సరిపోయిందా?" అని అడిగాడు.

నారే భోజనానికి పిలవడానికొచ్చి ఆ పక్కన కూర్చుంది. ఆ మాట చెవిన పడింది. చల్లని కొసలో సూది గబగబా పైకి లేచింది.

"లే నారే, లే!" తేసన్ అదిరిపడ్డాడు. "నువ్వు ఈ గదిలోకి రాకు. నీ వేడికి ఇది ఉడికిపోతుంది."

"నా గదిలోకి నేను రాకూడదా?"

"దాని గది కూడానూ."

ఆ మాటతో నారే వంటింట్లోకి పోయి కూర్చుంది. అసలైనది అప్పుడు వచ్చింది. వంటింటి నేల అట్లపెనంలా కాగింది. సోయాదిమ్మలు ఒకవైపు నల్లబడ్డాయి. పిన్నిగారి మేజోళ్ళు మాడి కమురువాసన కొట్టాయి.

"చాలమ్మా చాలు," అంది అత్తగారు కిటికీ తెరుస్తూ. "ఈ నెలంతా సొంజు పేరెత్తితే ఒట్టు."

తేసన్ పనికి పోయాక మాత్రం నారే గడప దగ్గర నిలబడి చూసేది. శత్రువు గుట్టు తెలుసుకోవాలి కదా. మధ్యాహ్నం దాకా అది వెచ్చని కుండీ కింద ఉంటుంది. తర్వాత నీళ్ళు తాగి, నాలుక ఆడిస్తూ చల్లని కుండీ కిందికి మారుతుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకి తిరుగుతాయి. "నువ్వు నాకు సవతివే," అని గడప మీదినుంచే చెప్పేది నారే. "నీకు చెవులు లేవట, అయినా విను." అది తల పైకెత్తి ఆమె వంకే చూసేది. ఆ చూపులో పొగరూ ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు. అదే నారేకి మరీ ఒళ్ళుమంట.

జనవరిలో ఒకరోజు తెల్లవారుతూనే మంచు పట్టుకుంది. ఆకాశం ఎవరో దూదిపరుపు చింపినట్టు కురిసింది. తేసన్ బండి తీసుకుని కనుమ మీదికి వెళ్ళాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు లేకపోతే బాయిలర్ లేదు, వేడిపట్టా లేదు. చిన్న గ్యాసుపొయ్యి ఉంది గానీ డబ్బాలు అయిపోయాయి. దుకాణానికి పోదామంటే తలుపు సగం దాకా మంచు.

నారే చాలా రోజుల తర్వాత ఆ గదిలో అడుగుపెట్టింది. వెచ్చని కొసలో సూది ఇరవై దగ్గర ఉంది. నూరుంజి తల లోపల దాచుకుని, ముడుచుకుని గట్టి ముద్దలా అయిపోయింది. గాజుమీద తట్టినా కదల్లేదు.

ఫోన్ మోగింది. "కరెంటు లేదట కదా," అన్నాడు తేసన్ కనుమ మీదినుంచి. "దారి మూసుకుపోయింది, నేను సాయంత్రానికి గాని రాలేను. నారే... కొంచెం అసూయపడవా?"

"అడిగితే వస్తుందా అది?"

అయినా ప్రయత్నించారు. పెట్టెని బల్లమీదినుంచి దింపి, పట్టా ఉన్న కొసన నారే కూర్చుంది. అత్తగారు ఒట్టు తీసి గట్టున పెట్టి సొంజు కారు గురించీ, సొంజు ఒంటిరంగు గురించీ, సొంజు కొడుకు మార్కుల గురించీ ఏకబిగిన చెప్పింది. పక్క గోడ దూకి వచ్చిన పిన్నిగారు తన కోడల్ని కూడా కలిపి పొగిడింది. నేల రాయిలా చల్లగానే ఉంది. నారే ఎవరి మాటా వినడం లేదు. చలికి ముడుచుకున్న ఆ మూరెడు ప్రాణం వంకే చూస్తోంది. దీన్ని చూసా నేను ఇన్నాళ్ళూ కాలిపోయింది అనుకుంది. జాలి వేసినచోట అసూయ ఎక్కడ పుడుతుంది?

"రావట్లేదు," అంది ఫోన్లో.

తేసన్, "ఫోన్ గట్టిగా పెట్టి దాని దగ్గర ఉంచు," అన్నాడు. "నా నూరుంజీ, నా బంగారుతల్లీ! చలేస్తోందా? నేనొస్తున్నానే. వచ్చి నిన్ను ఎడమ జేబులో పెట్టుకుని ఊరంతా తిప్పుతాను. ఆ జేబు నీదే, ఇంకెవరి..."

ఫోన్లో ఛార్జి అయిపోయింది.

కావాలనే అన్నాడని నారేకి తెలుసు. తెలిసినా ఎడమ జేబు అన్న మాట సూటిగా దిగింది. నేల చిటపటమంది. పిన్నిగారు కాళ్ళు పైకి లాక్కుంది.

"ఇరవై నాలుగు!" అత్తగారు కళ్ళద్దాలు సవరించుకుని బిళ్ళ చదివింది. "ఇరవై తొమ్మిది... ముప్పై మూడు! చాలమ్మాయ్, చాలు. ఏదన్నా మంచిమాట తలుచుకో!"

నారే జానెడు వెనక్కి జరిగింది. సూది దిగింది. మరీ దిగితే జేబుని తలుచుకుంది, మరీ లేస్తే పాముపిల్ల ముడుచుకున్న తీరు తలుచుకుంది. అవతలి కొసకి వేడి పాకకుండా కాళ్ళు ఇటే మడుచుకుంది. అలా మధ్యాహ్నమంతా ఆ పెట్టెకి ఒక పక్క వేసవీ ఒక పక్క శరత్తూ ఉండేలా కాసుకుంటూ కూర్చుంది.

పొద్దు వాలే వేళకి ముద్ద విడింది. నూరుంజి తల బయటపెట్టింది, నాలుక ఆడించింది. వేడి అంతా కుండీ కిందే ఉంది, కానీ అది కుండీ కిందికి పోలేదు. గాజువెంట పాకి నారే తొడ ఆనించిన చోట ఒళ్ళంతా అద్దుకుని ఆగింది. నారే కొక్కెం తీసి చెయ్యి లోపల పెట్టింది. అది వేళ్ళు చుట్టి, మణికట్టు దాటి, చొక్కా చేతిలోకి దూరి మోచేతి దగ్గర సర్దుకుంది. ఎటు పోవాలో దానికే వదిలేస్తే, అది ఇటు వచ్చింది.

నేల చల్లబడుతోందని పిన్నిగారే ముందు గమనించింది. 

కరెంటు ఇంకా రాలేదు. తేసన్ బండి కింద వదిలేసి మోకాలిలోతు మంచులో నడిచొచ్చాడు. తడి మేజోళ్ళతోనే పరిగెత్తుకొచ్చి నారే ఎదురుగా నిలబడ్డాడు. "బతికే ఉందా? ఏదీ, ఇలా ఇవ్వు."

చొక్కా చేతిలోంచి చిన్న తల బయటికొచ్చింది. తేసన్ చెయ్యి చాచాడు. తల లోపలికి పోయింది.

"నూరుంజీ, నేనే." మళ్ళీ చాచాడు. అది ఇంకాస్త పైకి, నారే భుజం దాకా పోయింది.

"అలిసిపోయింది. ఉండనీ," అంది నారే.

"నా దగ్గరికి రాదేంటి? తెచ్చింది నేను. పెట్టె చేసింది నేను." తేసన్ గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది. "నువ్వేమో గుమ్మంలో నిలబడి తిట్టావు. ఇప్పుడు మీరిద్దరూ ఒకటా?"

అతని మేజోళ్ళలోంచి ఆవిరి లేచింది. కాళ్ళ కింద మంచునీళ్ళు ఎండిపోయాయి. అత్తగారు వంగి కొడుకు పాదాల దగ్గర నేలని అరచేత్తో తడిమింది. ఒకే దుప్పటి కప్పుకునేవాళ్ళకి ఒకరి జలుబు ఇంకొకరికి అంటుకోవడం ఆవిడ ఎరుగును. లేచి వెళ్ళి ఒక సోయాదిమ్మ తెచ్చి కొడుకు పక్కన పెట్టింది.

ఆ తర్వాత నారే కూర్చున్న చోటు మళ్ళీ కాగలేదు. పెళ్ళికి ముందులాగా చేతులు మంచుముద్దలయ్యాయి. బజారుకి పోయేటప్పుడు తేసన్ వాటిని జేబులో పెట్టుకుంటాడు, ఎడమదాంట్లో ఒకసారి, కుడిదాంట్లో ఒకసారి.

సాయంత్రాలు మాత్రం ఎప్పట్లాగే. అత్తగారు దిమ్మలు పేర్చి, మధ్యన కొడుకుని కూర్చోబెడుతుంది. పక్కింటి పిన్నిగారు మేజోళ్ళు పట్టుకొస్తుంది.

"మా నారే చేతిలో ఏముందో గాని వదినా," అంటుంది అత్తగారు, వాడికి వినపడేలా గొంతు పెంచి. "ఆ పాము ఇంకెవరి మాటా వినదు. ఆ ఓర్పు ఎవరికొస్తుంది చెప్పు? సొంజుకి వస్తుందా?"

నారే చల్లటి వేళ్ళతో వెల్లుల్లి ఒలుస్తూ, తల ఎత్తకుండా వింటూ ఉంటుంది.