రెండు మేళాల నడుమ తొట్టెల

మా బిడ్డను తొట్టెలలో వేసే నాడు బాన్సువాడలో సగం మంది మా గల్లీకి వచ్చింది పిల్లను చూడటానికి కాదు. మా అన్న గెలుస్తాడా, మా ఆయన గెలుస్తాడా అని చూడటానికి.

అన్న పేరు దయానంద్. బాకా ఊదుతాడు, మధ్యమధ్య పాడతాడు. మా ఆయన నగేశ్ బేస్ గిటార్ వాయిస్తాడు. నా పెళ్ళప్పుడు ఇద్దరిదీ ఒకటే బ్యాండు. ఫోన్లో వీడియోలు చూసి చూసి, బియ్యం మిల్లు వెనక రేకుల షెడ్డులో ఫంక్ అనే అమెరికా బాణీ నేర్చుకున్నారు. ఫంక్ అంటే ఏమిటని అడిగితే అన్న ఒకటే మాట చెప్పాడు: "మొదటి దెబ్బ గట్టిగ పడాలె చెల్లె. మిగిలినయన్నీ సందు జూసుకొని జొరబడాలె." పెళ్ళి బరాత్‌లో అది మోగిందంటే ముసలివాళ్ళ మోకాళ్ళు కూడా మాట వినేవి కావు.

డోంగ్లిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, బ్యానరు మీద ఎవరి ఫొటో పెద్దగా ఉండాలన్న దగ్గర తగువు పడ్డారు. బ్యాండు రెండు ముక్కలైంది. ఇప్పుడు బ్యానర్లు రెండు. ఫొటోలు రెండూ పెద్దవే.

బస్టాండు ముందరి హోటల్లో రోజూ దీని మీదే పంచాయితీ. దయానంద్ బాకా ఎత్తితే ఒళ్ళు జల్లుమంటుంది గానీ, వెనక వాయించేవాళ్ళు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యమేనని కొందరు. నగేశ్ కరెంటు స్తంభంలా నిలబడతాడు, మొహాన నవ్వుండదు, కానీ అతని డ్రమ్ముల మంగ్యా కొడితే ఆగి ఉన్న ఆటో కూడా ఊగుతుందని ఇంకొందరు. నన్నడిగితే రెండూ నిజమే. మా అన్న మేళానికి ముందు బాగుంటుంది, మా ఆయన మేళానికి వెనక బాగుంటుంది. కానీ నన్నెవరు అడుగుతారు? అడిగినా నేను నోరు విప్పుతానా? ఒకరితో కలిసి పెరిగాను, ఒకరితో కాపురం చేస్తున్నాను.

మాకు అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. పిల్లను వేసే తొట్టెల మాత్రం మేనమామే ఊరేగింపుగా తేవాలి. పొద్దు గూకక ముందే పిల్లను అందులో వేయాలని మా అత్త బక్కమ్మ పట్టు. అన్న తన మేళంతోనే వస్తానన్నాడు. గడప ముందు ఎదురు మేళం నాదేనని మా ఆయన అన్నాడు.

"నీ మొగని మేళం అడ్డమొచ్చిందా, తొట్టెల వాపస్ తీస్కపోత," అని ఫోన్లో అన్న.

"తీస్కపోనీ. నా బిడ్డ చాప మీద పండుకుంటది," అని గోడ వైపు చూస్తూ మా ఆయన.

మేనమామ తిరిగి పోతే ఆ పిల్లకు తొట్టెల ఎక్కడిది? ఈ పోరులో వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకునేది ఎప్పుడు? నాకు అసలే అన్నిటికీ భయం. పిల్ల తుమ్మితే భయం. తుమ్మకపోతే, ఇంతసేపు ఎందుకు తుమ్మలేదని భయం. మోతకు అదిరిపడుతుందని చెవుల్లో దూది పెట్టాను. దూది లోపలికి పోతుందేమోనని తీశాను. మళ్ళీ పెట్టాను.

"మేళమేమో గానీ, దాని చెవులు నువ్వే ఖరాబ్ చేసేటట్టున్నవ్. ఇటు తే," అని అత్త పిల్లను లాక్కుంది.

అంతలోనే గల్లీ మొదట్లో బాకా అరిచింది. మెరుపుల కోటు తొడుక్కుని అన్న ముందు, అతని వాళ్ళు వెనక, వాళ్ళ వెనక ట్రాలీలో బంతిపూల తొట్టెల. ఇటు నుంచి మా ఆయన కదిలాడు. తోపుడుబండి మీద స్పీకరు, పక్కన మంగ్యా మెడలో డ్రమ్ము. రెండు మేళాలూ గల్లీ నడుమ ముక్కుకు ముక్కు తగిలేటట్టు నిలబడ్డాయి.

బ్యాండువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఎదురుపడ్డ మేళాల్లో ముందు ఆగినది పక్కకు జరిగి దారివ్వాలి. కాబట్టి ఎవరూ ఆగరు. ఇటు డమడమ, అటు పీపీ, గోడల మీద పిల్లలు, మిద్దెల మీద ఆడవాళ్ళు.

"ఓ దయన్నా, నీ ఎనకోళ్ళు ఇంకా రుద్రూర్ ఊరు దాటలేదే!" అని ఎవరో అరిచారు.

"నగేశా, జర నవ్వరాదే, పండ్లు రాలిపోతయా?" అని ఇంకెవరో.

అన్న మొహం ఎర్రబడింది. మా ఆయన మొహం ఇంకా బిగిసింది. ఎండ గోడల పైఅంచుకు ఎక్కింది. "అన్నా, ఆపుండ్రి!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ట్రాలీ డ్రైవరు బండిని వెనక్కు తిప్పడానికి చూస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, వాళ్ళకు ఇంకో కట్టుబాటు ఉందని. ఇంటి ఆడబిడ్డ గానీ కోడలు గానీ మేళం ముందు ఆడటానికి దిగితే, ఆమె ఆగేదాకా ఆమె అడుగుకే వాయించాలి. అన్న ఇంటికి నేను ఆడబిడ్డను. ఈ ఇంటికి కోడలిని, పిల్లను కన్నదాన్ని.

చెప్పులు విడిచి, నడిమిట్లోకి పోయి, కుడికాలు ధన్‌మని వేశాను.

"ఓ వర్షా! పచ్చి బాలింతవే! నీకేమన్న పిస లేశిందా?" అని అత్త కేక.

పిచ్చి లేచినట్టే ఉంది! చెల్లెలు తన కోసమే దిగిందని అన్న పొంగిపోయాడు. భార్య తన కోసమే దిగిందని మా ఆయన మెడ నిగిడింది. రెండు మేళాలవాళ్ళ కళ్ళూ నా కుడికాలి మీదే. నేను అడుగు ఆపితే వాళ్ళ చేతులు గాల్లో ఆగాయి. నేను వేస్తే రెండు మేళాలదీ ఒకటే దెబ్బ. ఎప్పుడూ ఆలస్యమయ్యే అన్న మనుషులకు నా కాలు దొరికింది, ఇక ఆలస్యం ఎక్కడ? బాకా కింద బేస్ దూరింది, బేస్ సందుల్లో మంగ్యా దూరాడు. ఆ రేకుల షెడ్డులో ఎలా మోగేదో అలా, దానికి రెట్టింపు మోగింది. నా భయమంతా ఎటు పోయిందో! చెంగు నడుముకు దోపి, నవ్వుకుంటూ, ఊగుతూ, ఒక్కొక్క అడుగూ ఇంటి వైపు వెనక్కు వేశాను. ఆడేదాన్ని వదిలి మేళం నిలబడకూడదు కదా. రెండు మేళాలూ భుజాలు రాసుకుంటూ నా వెంటే వచ్చాయి. వాటి వెంట ట్రాలీ. నన్ను తిట్టిన అత్త పిల్లను ఎత్తుకునే నడుము తిప్పుతోంది.

గడపలో కాలు పెట్టి ఠక్కున ఆగాను. రెండు మేళాలూ ఒకే దెబ్బకు ఆగాయి.

"మరి ముందు ఎవరు ఆగినట్టు?" అని హోటలు పంచాయితీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"మీ పంచాయితీ పాడుగాను! పొద్దు గూకుతుంది, తొట్టెల దించుండ్రి!" అని అత్త కసిరింది.

తొట్టెలకు తాళ్ళు రెండు. ఒక తాడు అన్న పట్టాడు, రెండోది మా ఆయన పట్టాడు. కొక్కేనికి తగిలిస్తూ అన్న మెల్లగా అన్నాడు:

"మంగ్యాను ఒక్క సీజన్‌కు నాకియ్యి బావా."

"వాణ్ని ఇయ్య. కావాలంటే నువ్వే ఇటు రా."

"మరి బ్యానర్ మీద ఫొటో?"

"నీదే ఏస్కో. నాకు నవ్వు రాదాయె," అన్నాడు మా ఆయన. అంటూనే నవ్వాడు.

అత్త పిల్లను తొట్టెలలో వేసింది. అంత మోతలో హాయిగా నిద్రపోయిన పిల్ల, ఆ నిశ్శబ్దానికి అదిరిపడి లేచి గుక్కపట్టింది.

"ఓ బిడ్డో! వాయించుండ్రి, జర మెల్లగ!" అంది అత్త.

అన్న బాకా ఎత్తాడు. మా ఆయన తీగ మీద వేలు పెట్టాడు. ఎవరూ మొదలుపెట్టరేమిటని చూస్తే, ఇద్దరూ నా కాళ్ళ వైపే చూస్తున్నారు.

చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, కుడికాలు మెత్తగా నేలకు ఆనించాను.