పెద్దమాను చుట్టుకొలత

కిటికీ కర్టెనుకి కింద పది సెంటీమీటర్ల సందు ఉంది. పొద్దున్న ఆరుంపావుకి ఎండ ఆ సందులోంచి దూరి, మంచమెక్కి, సరిగ్గా టేపుగారి ముక్కు మీద కూర్చుంటుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ ఇంట్లో అలారంతో పని పడలేదు. ఈలోగా రెండు కర్టెన్లు చిరిగిపోయాయి. రెండుసార్లూ ఆయన భార్య కొత్తదాన్ని పాతదాని కొలతకే కుట్టించింది. "కాస్త పొడుగు పెట్టించొచ్చుగా" అని ఆయన ఒకసారి అన్నారు. "ఉండనీండి, సాక్ష్యం" అందావిడ. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ ఎండ వచ్చేసరికే ఆయన లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. సన్నటి మనిషి. కలప డిపోలో ఒకప్పుడు దుంగ దొర్లి పడటంవల్ల ఎడమ పాదం కొంచెం ఈడుస్తారు. కుడి బొటనవేలు టేపు లాగిలాగి కాయ కాసింది. చొక్కా జేబులో ఎప్పుడూ గుండ్రటి ఉబ్బు ఒకటి ఉంటుంది, అది తోలు డబ్బాలో చుట్టిన గుడ్డ టేపు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, జిల్లా అంతటికీ ఆయన టేపుగారే. ఆ హాజరు పట్టీలో ఇవాళ ఆఖరి సంతకం పెట్టాలి. రేపటినుంచి రిటైరు.

వంటింట్లో భార్య క్యారియర్ మూత బిగిస్తూ అడిగింది.

"ఏమండీ, ఇవాళ కొలుస్తారా, కొలిచినట్టు రాస్తారా?"

"కొలుస్తాను."

"కొలిచాక?"

"ముందు కొలవనీవే" అన్నారాయన, బూట్ల తాళ్ళు రెండోసారి ముడివేసుకుంటూ.

ఈ ఎత్తిపొడుపు వెనక కథ చెప్పాలి. పాదం చితికాక డిపోవాళ్ళు ఆయన్ని జిల్లా పాలకమండలి ప్రచార విభాగానికి పంపారు. విభాగం అంటే ఒక గది, ఒక బల్ల, ఒక బీరువా, ఆయన. ఏటా జిల్లా గురించి నలభై ఎనిమిది పేజీల పుస్తకం వెయ్యడం పని. అడవి ఎంత, కలప ఎంత, ఊళ్ళెలాంటివి, పాలకమండలి ఏం చేస్తుంది, వ్యాపారం పెట్టేవాళ్ళకి ఇక్కడ ఏం దొరుకుతుంది, అన్నీ అందులో ఉండాలి. ఆయన రాకముందు ఆ పుస్తకం నిండా కాకిలెక్కలే. ఆయన వచ్చీరాగానే ఒక నియమం పెట్టుకున్నారు: తను స్వయంగా కొలవనిది, లెక్కపెట్టనిది అచ్చులోకి వెళ్ళకూడదు.

మొదట కొలిచింది అడవిలో అందరూ పెద్దమాను అని పిలిచే చెట్టుని. ఆ టేపు అప్పటికే పాతది. మొదటి పది సెంటీమీటర్లు అరిగి ఊడిపోయాయి. డిపోలో అలాంటి టేపుని ఎవరూ పారెయ్యరు. పది అంకె దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చినదాంట్లోంచి పది తీసేస్తారు. ఆయనా అలాగే పట్టుకుని చెట్టు చుట్టూ తిరిగి, ఏడు మీటర్ల పన్నెండు అని చూసి, నోటుపుస్తకం తీశారు. సరిగ్గా అప్పుడే డిపో జీపు వచ్చి ఆగింది. ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని కబురు. ఆయన సంతోషం పట్టలేక ఏడు పన్నెండు అని గీకి, జీపెక్కేశారు. పది తీసెయ్యలేదు.

నెల తరవాత బాలింత గదికి కర్టెను గుడ్డ కొలిచి కోశారు. వేలాడదీస్తే పది పొట్టి. అది చూసి భార్య నవ్వుతోంది గానీ, ఆయనకి చెట్టు దగ్గరా ఇలాగే పది తీసెయ్యలేదని గుర్తొచ్చింది. ఆ సంగతి ఆవిడకొక్కదానికే చెప్పారు. అప్పటికి పుస్తకాలు అచ్చయి ఊరూరా వెళ్ళిపోయాయి. 'రాష్ట్రంలోనే లావైన చెట్టు మా జిల్లాలో' అని సరిహద్దులో బోర్డు కూడా లేచింది. పక్క జిల్లా చెట్టు ఏడు మీటర్ల అయిదు. మనది నిజానికి ఏడు మీటర్ల రెండు.

ఆ రోజే ఆఫీసులో చెబితే అయిపోయేది. కొత్త ఉద్యోగం, చంటిపిల్ల, 'టేపుగారు కొలిచారంటే ఇంక తిరుగులేదు' అన్న పేరు. వచ్చే ఏడు చెబుదామనుకున్నారు. వచ్చే ఏడు మళ్ళీ వచ్చే ఏడయింది. ఎవరైనా పెద్దమాను మాటెత్తితే గుమ్మడికాయల దొంగలా ఆయన చెయ్యి జేబు తడుముకునేది. జిల్లాలో అన్నిటినీ మళ్ళీమళ్ళీ కొలిచినాయన ఆ ఒక్క చెట్టు దగ్గరికి మాత్రం టేపుతో వెళ్ళలేదు.

పోయిన వారం పక్క జిల్లా కొత్త పుస్తకం వచ్చింది. వాళ్ళ చెట్టుని మళ్ళీ కొలిచారట, ఏడు మీటర్ల పదకొండు. పాలకమండలి అధ్యక్షురాలు ఆ పేజీ ఆయన ముందు పెట్టి, "ఇంకా ఒక సెంటీమీటరు మనదే పైచెయ్యి. అయినా మనది మాత్రం ఇరవై ఏడేళ్లుగా అక్కడే నిలబడిందా ఏంటండీ? మీరెళ్ళి కొలిచి రండి, పుస్తకం అట్ట మీద వేద్దాం. మీరు రిటైరయ్యే రోజు నాలుగింటికి ప్రెస్సుకి పంపాలి" అన్నారు. ఆ గడువు ఇవాళే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన ప్రెస్సుకి పంపాల్సిన ప్రతి తిరగేశారు. ఒక్కో పేజీకి ఒక్కో ఊరు. పదకొండు రంపం మిల్లులున్న ఊరు, అక్కడ ఏడు గంటల కూత విని పిల్లలు ఎవరూ లేపకుండానే లేస్తారు. రైలు స్టేషనున్న ఊరు, అక్కడ దుంగలెక్కించే అరుగు పొడవు నూట అరవై మీటర్లు. వంతెన ఊరు. కొండమీది ఊరు, అక్కడి నర్సరీలో మూడు లక్షల మొక్కలు. ఆ మూడు లక్షలు నమ్మబుద్ధి కాక ఆయన రెండు రోజులు వంగి మళ్ళు లెక్కపెట్టి, నడుం పట్టేసి, మూడో రోజు నమ్మారు. కొట్టిన ప్రతి చెట్టుకీ రెండు నాటుతారని రాసిన చోట తను నడిచి చూసిన మొక్కల వరసల సంఖ్య కూడా వేశారు.

చివరి పేజీ పాలకమండలిది. 'అర్జీ ఇస్తే ఏడు రోజుల్లో జవాబు' అని పూర్వం ఉండేది. ఆయన తన వీధి దీపం గురించి తనే అర్జీ పెట్టుకుని చూశారు. పదమూడో రోజున జవాబొచ్చింది. పుస్తకంలో పదిహేను అని మార్చారు. ఆఫీసులో రెండు నెలలు ఎవరూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, కానీ ఆ తరవాత పదిహేను దాటిన అర్జీ లేదు. ఆ పేజీలు చూసుకుంటుంటే ఆయనకి గర్వంగా ఉంది. ఇది మంచి జిల్లా, ఉన్నదున్నట్టు చెప్పినా మంచి జిల్లాయే. పెద్దమాను ఉన్న పన్నెండో పేజీ దగ్గర మాత్రం వేలు ఆగింది. పది పెరిగి ఉంటే చాలు. మాను తలుచుకుంటే ఇరవై ఏడేళ్లలో పది పెరగలేదా? పెరిగి ఉంటే తప్పు దానంతటదే ఒప్పయిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అడవి గేటు దగ్గర కూతురు ఎదురొచ్చింది. ఖాకీ బట్టలు, భుజాన ఈల, ఎండకి కమిలిన బుగ్గలు. ఆమె ఆ బీటులో ఫారెస్టు గార్డు. చెట్టు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె చెప్పే మొదటి మాట ఒకటే: "దీన్ని మా నాన్న కొలిచిన రోజే నేను పుట్టానండీ."

"రా నాన్నా. నీళ్ళు తాగుతావా?"

"ముందు పని."

పెద్దమాను చుట్టూ వేళ్ళు నేలమీద మోకాలెత్తున లేచి ఉన్నాయి. బెరడు చీలికల్లో చీమలు వరసగా వెళ్తున్నాయి. ఆయన టేపు తీసి, "ఇక్కడ, పది అంకె దగ్గర పట్టుకో, కదపకు" అన్నారు. కాలీడుస్తూ, టేపుని ఛాతీ ఎత్తులో బెరడుకి ఆనిస్తూ చుట్టూ తిరిగారు. అవతలివైపు ఎవరికీ కనబడని చోట ఒక్క క్షణం చెట్టుకి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. తిరిగొచ్చి టేపు బిగించి లాగారు.

కూతురే ముందు చదివింది.

"ఏడు పందొమ్మిది! నాన్నా, ఏడు పందొమ్మిది! వాళ్ళది పదకొండేగా? ఎనిమిది సెంటీమీటర్ల తేడా!"

టేపు మీద అంకె నల్లగా స్పష్టంగా ఉంది. ప్రతి తీసి ఏడు పందొమ్మిది అని రాస్తే చాలు. అప్పుడు చేసిన తప్పే ఇంకోసారి చెయ్యాలి, అంతే. కూతురు సంతోషిస్తుంది, అధ్యక్షురాలు అట్ట మీద వేస్తారు, రేపు ఆయన ఇంట్లో ఉంటారు. పెన్ను మూత తీశారు. కర్టెను కింద ఎండ గుర్తొచ్చింది.

"పది తీసెయ్యి తల్లీ" అన్నారు.

"ఎందుకు?"

"టేపుకి మొదటి పదీ లేవు. నువ్వు పట్టుకున్నది సున్నా కాదు, పది."

ఆమె వేలు తీసి చూసుకుంది. నెమ్మదిగా లెక్కపెట్టింది. "ఏడు తొమ్మిదా? అప్పుడు ఏడు పన్నెండు కదా నాన్నా. చెట్టెక్కడైనా చిక్కిపోతుందా?"

"చెట్టు చిక్కలేదు. నేనే ఆ రోజు పది తీసెయ్యడం మర్చిపోయాను. నీ కబురొచ్చింది. ఆ సంతోషంలో... మర్చిపోయాను. తరవాత తెలిసింది. తెలిసీ చెప్పలేదు."

ఇన్నేళ్లు గొంతులో అడ్డంపడ్డ మాట ఇంత చిన్నదా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. కూతురి మొహంకేసి చూడలేక చీమల్ని చూస్తూ నిలబడ్డారు. ఆయనకి భయమేసింది. చితికిన పాదాన్ని మొదటిసారి చూసుకున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"అమ్మకి తెలుసా?"

"కర్టెను చూడలేదూ?"

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, చెట్టుకేసి తలెత్తి చూసింది.

"ఎంతమందికి చెప్పాను నాన్నా నేను" అంది. వేళ్ళమీద లెక్కేసింది. "అయితే ఆ రోజు ఏడు రెండు. ఇవాళ ఏడు తొమ్మిది. నేను పుట్టాక ఇది ఏడు సెంటీమీటర్లు లావయిందన్నమాట. ఇంత ముసలిది, ఇంకా పెరుగుతోంది! ఈ సంగతి ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలీదు. ఆయన అబద్ధం అడ్డం ఉండటంవల్ల ఎవరికీ తెలీలేదు. ఆయన వేరు మీద కూర్చుని, పన్నెండో పేజీ మొత్తం కొట్టేసి, మార్జిన్లో రాయడం మొదలుపెట్టారు.

రెండున్నరకి అధ్యక్షురాలి గదిలో ఉన్నారు. ఆవిడ రంపం మిల్లులో కూలిగా మొదలై, ఎన్నికల్లో గెలిచి వచ్చిన మనిషి. కుడిచేతికి నాలుగు వేళ్ళే. విన్నంతసేపూ ఆ నాలుగు వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూనే ఉన్నారు.

"అంటే మనం రెండో వాళ్ళమా?"

"అవునమ్మా. ఈ ఏడాదికి."

"సోమవారం ఫర్నిచర్ కంపెనీవాళ్ళొస్తున్నారండీ. సరిహద్దు బోర్డు కింద ఫొటో దిగుతామన్నారు. ఇప్పుడా మీరీ మాట చెప్పడం? ఇరవై ఏడేళ్లు కడుపులో పెట్టుకుని, వెళ్ళిపోయే రోజున?"

"తప్పే. దానికి మీరేమన్నా పడతాను. కానీ వాళ్ళు కలప కొనేవాళ్ళమ్మా, వాళ్ళ జేబులోనూ టేపుంటుంది. ఈ ఒక్కటి తప్పని వాళ్ళే కనిపెడితే మిగతా నలభై ఏడు పేజీలూ నమ్మరు."

"మనమే చెబితే?"

"మిగతావన్నీ నమ్ముతారు."

ఆవిడ మార్జిన్లో ఆయన రాసింది చదివారు. 'ఇరవై ఏడేళ్ల కిందట ఈ చెట్టుని కొలిచినప్పుడు మా ఉద్యోగి పది సెంటీమీటర్లు ఎక్కువ వేశాడు. అసలు కొలత ఏడు మీటర్ల రెండు. ఈ ఏడు మళ్ళీ కొలిచాం, ఏడు మీటర్ల తొమ్మిది. రాష్ట్రంలో రెండోది. మా పెద్దమాను ఇంకా పెరుగుతోంది. మా అడవీ అంతే. నమ్మకపోతే టేపు తెచ్చుకుని రండి.'

తాళం ఆగింది.

"నాకు వేలొకటి తక్కువ" అన్నారావిడ. "చెయ్యి జేబులో దాచుకుని ఓట్లడగలేదు నేను. పోనివ్వండి, బోర్డు దింపిద్దాం. ఆ చివరి మాట మాత్రం అట్ట మీద వెయ్యండి, పెద్దక్షరాల్లో." తలెత్తి, "ఈ తప్పు చేసిన ఉద్యోగి ఎవరో రాయలేదే?" అన్నారు.

"జిల్లా అంతటికీ తెలిసిపోతుంది లెండి."

"తెలియాలి మరి" అని ఆవిడ సంతకం పెట్టారు. అప్పటికి నవ్వుతున్నారు.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా కట్ట ప్రెస్సుకి వెళ్ళింది. వీడ్కోలు సభ వద్దని ఆయన ముందే చెప్పారు. బీరువా తాళం అప్పగించారు. హాజరు పట్టీలో సంతకం పెట్టారు. క్యారియర్ సంచీలో పెట్టుకుని, బల్ల మీద దుమ్ము అరచేత్తో ఒకసారి తుడిచారు. ఆ కుర్చీలోకి ఎవరొస్తారో ఇంకా తెలీదు. దారిలో బట్టల కొట్లో ఆగి, భార్యకి చూపించడానికి, పూర్తి కొలతకి కర్టెను గుడ్డ చింపించుకోవాలి. ఈసారి కొలిచేది కొట్టువాడే.

ఫ్యాను ఆపి, తలుపు దగ్గరగా వేసి, జేబు తేలిగ్గా ఉన్న చొక్కాతో ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

గదిలో కుర్చీ వెనక మేకుకి పాత గుడ్డ టేపు వేలాడుతోంది, అరిగిన కొసకి దారంతో కట్టిన చిన్న అట్టముక్కతో, దాని మీద ఆయన చేతిరాతతో: 'పది తీసెయ్యడం మర్చిపోకండి.'