సూదమ్మ బండి నేర్చుకున్న వారం

పొద్దున్నే స్టవ్ మీద నీళ్ళు పెట్టి, సూదమ్మ పై అరలో ఉన్న ఉప్పు డబ్బాకేసి చూసింది. డబ్బా మెల్లగా జరుగుతూ అర చివరికంటా వచ్చింది. దాన్ని అందుకుని, ఈసారి గరిటెకేసి చూసింది. ఆమె చూపు కాసేపు దేనిమీద నిలిస్తే అది ఆమె దగ్గరకు వచ్చేస్తుంది. పుట్టిననాటినుంచీ అంతే. ఇంట్లో అందరికీ అలవాటే. కూతురు మాత్రం, "అమ్మా, నా పళ్ళెంలోకి చూడకు," అని ముందే చెప్పి మరీ భోజనానికి కూర్చుంటుంది.

అసలు పేరు వేరే ఉంది గానీ దాన్ని వాడేవాళ్ళు లేరు. ఇంటింటికీ తిరిగి రక్తం తీసి ల్యాబ్‌కు చేర్చడం ఆమె పని. పదిహేడేళ్ళుగా అదే చేస్తోంది కాబట్టి సూదమ్మ అయింది. ముసలివాళ్ళ చేతుల్లో నరాలు ఎక్కడో లోపలికి పోయి దాక్కుంటాయి. ఈమె చూస్తే పాపం అవే పైకి తేలి వస్తాయి. ఒక్క పోటు, అంతే, పని అయిపోతుంది.

ఇప్పుడు ల్యాబ్‌లో కొత్త నిబంధన పెట్టారు. బయట తిరిగేవాళ్ళకు మోటార్‌సైకిళ్ళు ఇస్తారట. కాకపోతే శనివారం జరిగే భద్రతా శిక్షణకు వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తేలేనివాళ్ళు ఆపై సోమవారం నుంచి లోపల కూర్చుని గొట్టాల మీద చీటీలు అంటించుకోవాలి. సూదమ్మ లైసెన్సు తీసుకుని పదేళ్ళయింది గానీ ఆ తరవాత బండి ముట్టుకున్న పాపాన పోలేదు.

చీటీలు అంటించడం చేతకాక కాదు ఆమె బెంగ. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంది. వారం వారం రక్తం చూసి ఆవిడ గుండె మందు మోతాదు మార్చాలి. కిందటి వారం సూదమ్మ సెలవు పెడితే ఇంకొకరు వెళ్ళారు. ఏడుసార్లు పొడిచారు. మోచేతి నుంచి మణికట్టు దాకా నీలంగా కమిలిపోయింది.

"నువ్వు రాకపోతే నాకిక పరీక్షలే వద్దు," అంది టీచరమ్మ ఫోనులో. "ఇంట్లో ఉన్న మందేదో అలాగే మింగుతుంటాను. ఏదైతే అదవుతుంది."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ మాట విన్నప్పటినుంచీ సూదమ్మకు ముద్ద దిగలేదు.

బండి నేర్పే బాధ్యత మామగారు తన నెత్తిన వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, ఒక్క గీత కూడా పడనివ్వని మనిషి. సోమవారం తెల్లవారగానే పక్కింటివాళ్ళ బండి అడిగి తెచ్చి, వీధిలో నాలుగు బకెట్లు వరసగా పెట్టాడు.

"చూడమ్మాయ్, బకెట్లకు తగలకుండా మధ్యలోంచి రావాలి. అపాయం ఎక్కడుందో నీ కన్ను అక్కడే ఉండాలి. కన్ను తీశావో, కొంప మునిగిందే!"

సూదమ్మ చెప్పిన మాట వినే మనిషి. మొదటి బకెట్టు మీద కన్నేసి ఉంచింది. బకెట్టు గబగబా ఎదురొచ్చి ముందు చక్రానికి తగిలింది. రెండోదీ అంతే.

మంగళవారం మూలనున్న కరెంటు స్తంభం రెండడుగులు ముందుకొచ్చింది. బుధవారం రోడ్డు మీది గుంత మూడిళ్ళు దాటి వచ్చి మరీ ఆమెను పడేసింది. నడివీధిలో పడుకున్న కుక్క నిద్ర చెడకుండానే జరుగుతూ వచ్చి చక్రం పక్కన ఆగింది. ఎదురింటాయన వచ్చి, "మా చెత్తడబ్బా మీ గుమ్మంలోకి వచ్చినట్టుందండీ, తీసుకెళ్తాను," అని పట్టుకుపోయాడు. గురువారం సూదమ్మ విసుగొచ్చి, అసలేదీ చూడకూడదని ఆకాశంకేసి చూస్తూ నడిపింది. చిన్న మేఘం ఒకటి దిగొచ్చి, ఆరేసిన బట్టలన్నీ తడిపిపోయింది.

"ఇది నావల్ల కాదు మామయ్యగారూ," అంది అరుగు మీద కూర్చుని, మోకాలికి మందు రాసుకుంటూ.

మామగారికి తలప్రాణం తోకకొచ్చింది. అయినా ఆ మాట పైకి అనలేదు. "రేపు బకెట్ల బదులు చెంబులు పెడదాంలే. వచ్చి తగిలినా దెబ్బ తక్కువ," అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆయనకు షుగరు పరీక్ష చేయాల్సిన రోజు. ఘాట్ రోడ్ల మీద బస్సు నడిపిన ఆ ధీరుడికి సూదంటే చచ్చే భయం. చెయ్యి చాచి, మొహం గోడకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"అమ్మాయ్, ఇక్కడ నా ప్రాణాలు పోతున్నాయి. ఒక్కసారైనా నా మొహం చూడవేం?"

"మీ మొహం చూస్తే మొహమే వచ్చి సూది మీద పడుతుంది. నాక్కావలసింది నరం కదా! నాక్కావలసినదాన్నే నేను చూ..."

మాట సగంలో ఆగిపోయింది. మామగారు ఒక కన్ను తెరిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ముందు సూది తియ్యి తల్లీ," అన్నాడాయన. "తరవాత బండి తియ్యి."

తీసింది. చెంబులు వద్దని మళ్ళీ బకెట్లే పెట్టించి, అవి ఉన్నాయన్న సంగతి మనసులో పెట్టుకుని, చూపు మాత్రం వీధి చివర మలుపు మీద నిలిపింది. బకెట్లు ఉన్నచోటే ఉన్నాయి. వీధి చివరే కొంచెం దగ్గరకొచ్చింది. నాలుగింటినీ దాటి వెనక్కి తిరిగి చూస్తే, మామగారు ఒక బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుని, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"ముప్పై ఏళ్ళూ నేనూ రోడ్డే చూశానే అమ్మాయ్," అన్నాడు. "చెప్పడం మాత్రం అపాయం అని చెప్పాను."

శనివారం శిక్షణ పాత గోదాము ఆవరణలో. ఎదురుగా పొడవాటి ఇటుక గోడ, దానికి ఎడం చివర తెరిచి ఉంచిన గేటు, గేటు అవతల గడ్డి మైదానం. పదకొండు మంది వచ్చారు. సూదమ్మ ముందు నిలబడ్డ పోస్ట్‌మ్యాన్ హెల్మెట్ పట్టీ పెట్టుకోవడానికి నాలుగుసార్లు అవస్థపడ్డాడు.

"చేతులు వణుకుతున్నాయండీ," అన్నాడు. "ఇంట్లో ఇరవై రోజుల పసిపిల్ల. నిద్ర లేదు."

సూదమ్మే పట్టీ బిగించింది.

శిక్షకుడు బక్కపలచని మనిషి, మెడలో ఈల. "బండి మీ చేతుల మాట కంటే మీ కళ్ళ మాట ఎక్కువ వింటుంది," అన్నాడు. "గుంతను చూస్తూ పోతే గుంతలోనే పడతారు. ఎటు వెళ్ళాలో అటే చూడండి." బెంచీ మీద కూర్చున్న మామగారు, ఇదంతా తనకెప్పుడో తెలుసన్నట్టు తలాడించాడు.

సూదమ్మ దారిలో వరసగా నిలబెట్టిన ప్లాస్టిక్ శంకువుల మధ్యలోంచి ఒక్కటీ కదలకుండా వెళ్ళొచ్చింది. ఇక మిగిలింది వేగంగా వెళ్ళి గీత దగ్గర ఆగడం. ముందు పోస్ట్‌మ్యాన్ వంతు. బయల్దేరాడు. గీత దగ్గర పడేసరికి బెదిరిపోయి పిడికిలి బిగించాడు. యాక్సిలరేటర్ ఆ పిడికిట్లోనే ఉంది. బండి గీత దాటేసి గోడకేసి దూసుకుపోయింది.

ఎవరో కేక పెట్టారు. అందరూ గోడనే చూస్తున్నారు, పోస్ట్‌మ్యాన్ కూడా. సూదమ్మ కూడా గోడనే చూసింది. గోడ ఉలిక్కిపడినట్టు కదిలి, ఇటుకల మధ్యనుంచి సున్నం రాలింది. ఇంకొక్క క్షణం చూస్తే గోడే అతనికి ఎదురొస్తుంది.

బలవంతంగా చూపు పీకి గేటు మీద వేసింది. టీచరమ్మ చేతిలో నరాన్ని ఎలా చూస్తుందో అలా చూసింది. ఆమె నిలబడ్డది సరిగ్గా అతని వెనకే. గేటు గోడ వెంబడి జరజరా జరిగి, ఆమెకు ఎదురుగా, అంటే అతనికీ ఎదురుగా, వచ్చి నిలిచింది. పోస్ట్‌మ్యాన్ అందులోంచి బాణంలా వెళ్ళిపోయి, మైదానంలో బండి ఒక పక్కకు, తానొక పక్కకు పడ్డాడు.

అందరూ పరిగెత్తారు. అప్పటికే అతను లేచి కూర్చుని, కాళ్ళూ చేతులూ తడుముకుంటున్నాడు. ఒక్క చోట కూడా చర్మం లేవలేదు.

భయం దిగిపోయి, సూదమ్మ అక్కడే కూలబడి హాయిగా ఏడ్చింది. తరవాత తన వంతు రాగానే బండెక్కి, సరిగ్గా గీత దగ్గర ఆపింది. శిక్షకుడు ఆమె సర్టిఫికెట్ మీద సంతకం చేసి, పక్కన "చూపు బాగుంది" అని రాసి, చేతికిచ్చాడు.

"మధ్యాహ్నం లారీ వస్తుందమ్మా. ఆలోగా గేటు దాని చోటికి పంపిస్తారా?"

"పంపడం రాదండీ, రప్పించడమే వచ్చు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ చివరకు వెళ్ళి నిలబడతాను."

ఆమె నడుస్తుంటే మైదానంలో పోస్ట్‌మ్యాన్ ఫోను మోగింది. అవతల ఏమన్నారో గానీ, అతను గడ్డిలో అలాగే వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు.

"తప్పాను. మళ్ళీ వచ్చే వారం రమ్మన్నారు," అంటున్నాడు. "లేదు, ఏమీ కాలేదు. పాప లేచిందా? లేస్తే పడుకోబెట్టకు. నేను వస్తున్నాను, నేనెత్తుకుంటాను."